ఆంగ్ల పల్లెసీమలో నేతింటి జంట

పాఠ్యభాగ నేపథ్యం

యాత్రారచన తెలుగువారికి కొత్త ప్రక్రియ కాదు. ఏనుగుల వీరాస్వామి 1830-31 సంవత్సరాలలో సాగించిన ప్రయాణాన్ని వర్ణిస్తూ రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రా సాహిత్యంలో తొలి మేటి గ్రంథం. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో జన్మించిన డాక్టర్ సి. నారాయణరెడ్డి కూడా తమ విదేశ పర్యటనల అనుభవాలను గ్రంథరూపంలో అందించారు. ప్రకృతి శోభను వర్ణించడంతోపాటు ఆ శోభ వెనుక దాగిన మానవశ్రమను, చరిత్రను తెలుసుకొనేటట్లు చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. ఇందులోని దంపతులు, వారి బంధువులు కల్పిత పాత్రలు. వారు చూసిన ప్రదేశాలు, విన్న చారిత్రక విషయాలు మాత్రం వాస్తవాలు.

పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో విదేశమంటే చాలాకాలంగా ఒకటే పేరు: దుబాయి. మస్కట్‌కు వెళ్లినవానినైనా, కువైట్‌కు వెళ్లినవానినైనా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. అప్పుచేసి వెళ్లడం, మండుటెండలో పనిచేయడం, రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఇంటికి రావడం ఇక్కడి ఎన్నో కుటుంబాలకు తెలిసిన విదేశయానం. వేడుకగా చూసి రావడానికి సముద్రాలు దాటాలన్న కోరిక ఎవరికైనా కలిగినా, దానిని పైకి చెప్పుకోవడానికి సంకోచిస్తారు.

జగిత్యాలలో స్థిరపడిన ఒక ఉపాధ్యాయ దంపతులకు అటువంటి కోరిక ఉండేది. భర్త సిరిసిల్లలోని నేతకుటుంబంలో పుట్టాడు. ప్రభుత్వ పాఠశాలలలో ముప్పైమూడేళ్లు సాంఘికశాస్త్రం బోధించాడు. భార్య పుట్టినిల్లు కోరుట్ల. వారి పెళ్లయిన సంవత్సరం, అంటే 1985లో, ఒక బట్టల దుకాణంవారు ఇచ్చిన క్యాలెండరు వారి అద్దె ఇంటి గోడకు వేలాడింది. దానిమీద ఇంగ్లండు పల్లె బొమ్మ ఒకటి ఉన్నది. సన్నని వాగు, వాగు పక్కన తేనెరంగు రాతితో కట్టిన చిన్న ఇండ్ల వరుస, నిటారైన కప్పులు, చుట్టూ పచ్చిక. సంవత్సరం గడిచి తేదీల కాగితాలు చిరిగిపోయినా ఆమె ఆ బొమ్మను పారవేయలేదు. కత్తిరించి ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అంటించింది.

“ఎప్పటికైనా గీ ఊరు చూడాలె” అన్నది ఆమె.

“చూద్దాం” అన్నాడు ఆయన.

ఆ ‘చూద్దాం’ ముప్పైనాలుగేళ్లు సాగింది. చెల్లెలి పెళ్లి, తండ్రి వైద్యం, ఇంటి అప్పు, పిల్లల చదువులు, కూతురి పెళ్లి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. బీడీలు చుట్టి సంసారం నెట్టుకొచ్చిన తల్లి చేతి పొదుపును చూసి పెరిగిన ఆ ఇల్లాలు ప్రతినెలా కొంత సొమ్మును పక్కకు పెడుతూనే వచ్చింది. 2018లో ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. కుమారుడు పాత బొమ్మను ఫోనులో చిత్రించి, వెతికి, అది బైబరీ అనే గ్రామమని చెప్పాడు. 2019 మే నెలలో, జగిత్యాల రోడ్లమీద వడగాడ్పులు వీస్తున్న రోజులలో, ఆ దంపతులు పదిహేను రోజుల ప్రయాణానికి హైదరాబాదులో విమానమెక్కారు.

విమానం దుబాయి మీదుగా వెళ్తుంది. పక్క ఆసనంలో కోరుట్ల దగ్గరి పల్లెకు చెందిన యువకుడు కూర్చున్నాడు. నిర్మాణపు పనికి వెళ్తున్నాడు. భాష, యాస కలిసేసరికి అతని ముఖం వికసించింది.

“మీరు ఏం పని మీద పోతున్నరు సారూ?”

“పనేం లేదు బిడ్డా. ఊర్లు చూసెటందుకు పోతున్నం.”

యువకుడు కొంతసేపు మౌనంగా ఉండి, “చూసెటందుకు గూడ పోతరా!” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కేవలం ఆశ్చర్యమే ఉన్నది. కానీ దంపతులిద్దరికీ తాము ఏదో తప్పు చేస్తున్నట్లు అనిపించింది. దుబాయిలో దిగేటప్పుడు అతడు వారి సంచిని పైనుంచి దింపి ఇచ్చి, “పైలం సారూ” అని చెప్పి వెళ్లిపోయాడు.

లండన్‌లోని హీత్రూ విమానాశ్రయం వద్ద వారు అద్దెకారు తీసుకొన్నారు. భారతదేశంలో వలెనే అక్కడ కూడా వాహనాలు రహదారికి ఎడమవైపున నడుస్తాయి. కనుక ఉపాధ్యాయునికి ఆ విషయంలో ఇబ్బంది కలగలేదు. మన దేశపు చోదక అనుమతిపత్రంతోనే సందర్శకులు అక్కడ పన్నెండు నెలలవరకు కారు నడపవచ్చు. దూరాలు, వేగాలు మాత్రం మైళ్లలో రాసి ఉంటాయి. ఊళ్లలో సాధారణంగా గంటకు 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు మించరాదు. నాలుగు దారులు కలిసే వలయాల వద్ద కుడివైపునుంచి వచ్చే వాహనానికి ముందు దారి ఇవ్వాలి. మొదటి వలయం వద్ద ఆయన దారి తప్పి మూడుసార్లు చుట్టూ తిరిగాడు. “వేములవాడ గుడి చుట్టు ప్రదక్షిణం చేసినట్టున్నది” అని భార్య నవ్వింది.

పెద్దరహదారి దాటి పల్లెదారిలోకి ప్రవేశించగానే దృశ్యం మారింది. దారికి ఇరువైపులా మనిషి ఎత్తున పొదల కంచెలు. మే నెల కావడంతో ఆ ముళ్లపొదలు తెల్లని పూలతో నిండి ఉన్నాయి. కంచెల వెనుక గొర్రెలు, వాటి వెంట పిల్లలు. కొన్నిచోట్ల దారి ఎంత ఇరుకంటే ఒక్క కారే పట్టుతుంది. ఎదురుగా మరొక కారు వస్తే ఎవరో ఒకరు పక్కనున్న ఖాళీలోకి జరిగి ఆగాలి. దాటిపోయేవారు చేయెత్తి కృతజ్ఞత తెలుపుతారు. మొదట బెదిరిన ఆమె, రెండు గంటలు గడిచేసరికి తానే ముందుగా చేయెత్తసాగింది.

సాయంకాలానికి బైబరీ చేరుకొన్నారు. అది కాట్స్‌వోల్డ్స్ అనే కొండసీమలో కోల్న్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉన్నది. ట్రంకుపెట్టె మూత లోపల ముప్పైనాలుగేళ్లు చూసిన ఇండ్ల వరుస ఎదుట నిలిచింది. అవే కప్పులు, అదే నీరు. ఆమె మాట్లాడలేకపోయింది. చాలాసేపు చూసిన తరువాత, “ఎంత గొప్పోళ్లు కట్టుకున్నరో” అన్నది.

ఉపాధ్యాయుడు చేతిలోని సమాచారపత్రం చదివి విస్మితుడయ్యాడు. అవి ధనవంతుల ఇండ్లు కావు. ఆర్లింగ్టన్ రో అని పిలిచే ఆ కట్టడాన్ని 1380 ప్రాంతంలో క్రైస్తవ మఠంవారు ఉన్ని నిల్వచేసుకొనే కొట్టుగా నిర్మించారు. 17వ శతాబ్దంలో దానిని నేతగాళ్ల నివాసాలుగా మార్చారు. ఇంటిల్లిపాదీ వడికి, నేసిన ఉన్నిబట్టను సమీపంలోని ఆర్లింగ్టన్ మిల్లుకు పంపేవారు. అక్కడ దానిని తడిపి, దంచి, దట్టంగా చేసేవారు. ఇండ్ల ముందున్న చిత్తడి పచ్చికలో చట్రాలు నిలిపి బట్టను ఆరవేసేవారు. ఆ చోటును నేటికీ రాక్ ఐల్ అని పిలుస్తారు.

“ఏంది? ఇవి సాలెండ్లా!” అన్నది ఆమె.

క్యాలెండరు మీది ఆ స్వప్నలోకం, సిరిసిల్లలో తన అత్తగారి ఇంటివంటి నేతగాళ్ల వాడ అని తెలియగానే ఆమెకు ఆ గ్రామం దగ్గరిదైపోయింది. మధ్యయుగాలలో ఇంగ్లండు సంపదకు ఉన్నియే ఆధారం. కాట్స్‌వోల్డ్స్‌లోని ఎన్నో ఘనమైన చర్చిలు ఉన్ని వర్తకుల సొమ్ముతో వెలసినవే. ఆ దేశపు ప్రభువుల సభలో సభాధ్యక్షుడు నేటికీ ఉన్నిమూట అనే ఆసనంమీదనే కూర్చుంటాడు. చూడముచ్చటైన పచ్చికబయళ్లు గొర్రెలు మేసి చదును చేసినవి. ముచ్చటైన ఇండ్లలో నివసించినవారు ఇరుకుగదులలో రాత్రింబగళ్లు శ్రమించినవారు. ఆ రాత్రి ఉపాధ్యాయుడు తన తండ్రిని గురించి ఆలోచిస్తూ ఉండిపోయాడు.

తండ్రి గుంటమగ్గంమీద నేసేవాడు. తల్లి కండెలు చుట్టేది. సిరిసిల్లకు మరమగ్గాలు వచ్చాక, చేతితో రోజంతా నేసిన బట్టకు గిరాకీ పోయింది. ఊళ్లోని ఎందరో మహారాష్ట్రలోని భీవండికి వలసపోయి మరమగ్గాలమీద కూలికి కుదిరారు. అన్న కూడా భీవండిలో పనిచేసి, తిరిగివచ్చి సిరిసిల్లలో సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని అక్కడివారు సాంచె అంటారు. తండ్రి మాత్రం మగ్గపు కర్రను అమ్మివేసి, ఇంటి అరుగుమీద కూర్చుండిపోయాడు. చదువుకొని బయటపడిన చిన్నకొడుకు తండ్రిది చేతగానితనమని లోలోపల అనుకొన్నాడు. తాను నేతగాని కుమారుడనని పాఠశాలలో ఏనాడూ చెప్పుకోలేదు.

మూడవనాడు వారు ఉత్తరదిశగా సాగి డెర్బీషైరులోని క్రామ్‌ఫర్డ్ చేరుకొన్నారు. ఆ పేరు ఉపాధ్యాయునికి కంఠస్థమే. పారిశ్రామిక విప్లవం పాఠంలో ‘జతపరచుము’ అన్న ప్రశ్నకు ముప్పైమూడేళ్లు పిల్లలచేత వల్లెవేయించాడు: జాన్ కే, 1733, ఎగిరే నాడె; ఆర్క్‌రైట్, 1769, నీటిబలంతో నడిచే వడుకుయంత్రం; కార్ట్‌రైట్, 1785, మరమగ్గం. ఆర్క్‌రైట్ 1771లో వాగునీటి బలంతో నడిచే నూలుమిల్లును స్థాపించినది ఇక్కడే. డెర్వెంట్ లోయలోని ఈ మిల్లులను యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మిల్లుకన్న దాని సమీపంలోని ఒక వీధి ఆయనను ఎక్కువగా కదిలించింది. 1776-77 ప్రాంతంలో కార్మికులకోసం కట్టించిన మూడంతస్తుల ఇండ్లు అక్కడ వరుసగా నిలిచి ఉన్నాయి. పై అంతస్తుకు వెడల్పైన కిటికీలు. మగ్గానికి వెలుతురు కావాలి కనుక వాటిని అలా నిర్మించారు. భార్యాపిల్లలు మిల్లులో నూలు వడికితే, పురుషులు ఇంటి పై అంతస్తులో నేతపని సాగించేవారు. తాను బోధించిన పాఠంలో యంత్రాల పేర్లున్నాయి, సంవత్సరాలున్నాయి. ఆ కిటికీ వెనుక కూర్చున్న మనిషి మాత్రం లేడు.

ఈ యంత్రాల కథలో తెలుగుసీమకూ పాత్ర ఉన్నది. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొన్నది. కోరమండల తీరపు అద్దకపు నూలుబట్టలు ఇంగ్లండు ప్రజలను ఎంతగా ఆకర్షించాయంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని అక్కడి పార్లమెంటు 1721లో అద్దకపు నూలుబట్టల వాడకాన్ని చాలావరకు నిషేధించింది. తరువాత ఆ దేశంలోనే యంత్రాలు వెలసి, చవకగా నూలు తయారై, బట్టల ప్రవాహం ఎదురు తిరిగింది. 19వ శతాబ్దంలో లాంకషైరు మిల్లుబట్ట భారతదేశపు సంతలను ముంచెత్తింది.

ఆ మరునాడు పీక్ డిస్ట్రిక్ట్ కొండలలో కారు ఆపి నడిచారు. సున్నంగాని సిమెంటుగాని లేకుండా రాతిమీద రాయి పేర్చిన గోడలు కొండలమీదుగా పాకుతున్నాయి. ఒకచోట పొలానికి అడ్డంగా కాలిబాట ఉన్నది. ఇతరుల పొలంలో అడుగుపెట్టడానికి ఆమె వెనుకాడింది. అటుగా వస్తున్న ఒక వృద్ధుడు నవ్వి, “ఇది అందరి దారి. నడవడం మీ హక్కు” అని చెప్పాడు.

ఆ హక్కుకూ చరిత్ర ఉన్నది. 18, 19 శతాబ్దాలలో అక్కడి ఉమ్మడి బీడుభూములకు చట్టం ద్వారా కంచెలు పడ్డాయి. పేదలు మేతభూములను కోల్పోయారు. కాలక్రమంలో కొండలు భూస్వాముల వేటస్థలాలయ్యాయి. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు పరిసరాల కార్మిక యువకులు కొన్ని వందలమంది నిషేధాన్ని ధిక్కరించి కిండర్ స్కౌట్ అనే కొండమీదికి నడిచారు. వారిలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఆ దేశపు తొలి జాతీయ ఉద్యానమైంది. నేడు ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రజలకు హక్కుగా ఉన్న బాటల నిడివి సుమారు 2,25,000 కిలోమీటర్లు. వారమంతా మిల్లుపొగలో పనిచేసినవారు ఆదివారంనాటి గాలికోసం సలిపిన పోరాటం ఆ బాట వెనుక ఉన్నది.

అక్కడినుంచి లాంకషైరులోని డార్వెన్ పట్టణానికి వెళ్లారు. 19వ శతాబ్దంలో నిర్మించిన ఇండియా మిల్లు పొగగొట్టం దూరంనుంచే కనిపించింది. దాని ఎత్తు 300 అడుగులు పైమాటే. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీ ఈ పట్టణాన్ని సందర్శించాడు. విదేశీవస్త్ర బహిష్కరణ కారణంగా పని కోల్పోయిన కార్మికులను స్వయంగా కలుసుకొన్నాడు. వారి కష్టానికి విచారిస్తూనే, భారత గ్రామాల ఆకలి అంతకన్న తీవ్రమైనదని వివరించాడు. మిల్లు మహిళలు ఆయన చుట్టూ చేరి హర్షధ్వానాలు చేస్తున్న ఛాయాచిత్రం సుప్రసిద్ధం.

ఆ చిత్రాన్ని చూసి ఉపాధ్యాయుని భార్య ఆలోచనలో పడింది. కోరుట్లలో ఆమె అమ్మమ్మ మెట్‌పల్లి ఖాదీ కోసం రాట్నంమీద నూలు వడికేది.

“మా అమ్మమ్మ వడికిన నూలుతోటి గీ అమ్మల పని పోయిందా?” అని అడిగింది.

“అదొక్కటే కాదు. అప్పుడు లోకమంత మాంద్యం. జపాను బట్ట పోటీ గూడ ఉండె” అన్నాడు ఆయన.

“అయినా గీళ్లు ఆయన మీద కోపం చెయ్యలే. నవ్వుతున్నరు చూడుండ్రి” అన్నది ఆమె.

బర్న్‌లీ పట్టణ సమీపంలోని క్వీన్ స్ట్రీట్ మిల్లు వారి యాత్రలో మరపురాని ఘట్టం. 1890లలో వెలసిన ఈ నేతమిల్లు 1982లో ఉత్పత్తి నిలిపివేసింది. ఇప్పుడు అది ప్రదర్శనశాల. లోపల 300కు పైగా మరమగ్గాలు బారులుతీరి ఉన్నాయి. సందర్శకులకోసం కొన్నింటిని నడిపి చూపుతారు. మీట తిప్పగానే మగ్గాలు ఒక్కసారిగా కదిలాయి. నాడె అటునుంచి ఇటు కొట్టుకొంటున్నది. నేల అదిరింది. ఉపాధ్యాయుడు కన్నులు మూసుకొన్నాడు. అది బర్న్‌లీ కాదు. సిరిసిల్లలో అన్న ఇంటి వెనుకనున్న రేకులషెడ్డు.

ఆ శబ్దంలో మాటలు వినిపించవు కనుక లాంకషైరు నేతకార్మికులు పెదవుల కదలికను చూసి సంభాషించేవారని ప్రదర్శకురాలు వివరించింది. ఎందరికో వినికిడి తగ్గిపోయిందని కూడా చెప్పింది. ఆమె మరొక చరిత్రను తెలిపింది. 1820ల నాటికి బ్రిటనులో రెండు లక్షలకుపైగా చేనేతకారులు ఉండేవారు. మరమగ్గాలు వ్యాపించేకొద్దీ వారి కూలి పడిపోయింది. 1826 ఏప్రిల్‌లో లాంకషైరులో ఆకలిగొన్న నేతగాళ్లు వెయ్యికిపైగా మరమగ్గాలను ధ్వంసం చేశారు. సైనికుల కాల్పులలో కొందరు మరణించారు. 1860ల నాటికి చేమగ్గంమీద బతికేవారు కొద్దివేలమంది మాత్రమే మిగిలారు. వారిని ఓడించిన మిల్లులూ శాశ్వతంగా నిలవలేదు. చవకబట్టల పోటీకి తాళలేక 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో అవీ మూతపడ్డాయి.

ఉపాధ్యాయునికి గొంతు పెగలలేదు. 1990ల చివర, 2000 తరువాత సిరిసిల్లనుంచి వెలువడిన వార్తలు ఆయనకు గుర్తుకు వచ్చాయి. గిరాకీ లేక, అప్పులు తీరక ఎందరో నేతకార్మికులు ప్రాణాలు తీసుకొన్న దినాలవి. తండ్రిది చేతగానితనం కాదు. సముద్రాలకు ఆవల, తండ్రి పుట్టుకకు నూరేండ్ల ముందే, తండ్రివంటివారు లక్షలమంది అదే అరుగుమీద కూర్చుండిపోయారు.

ప్రదర్శకురాలు మగ్గం ఆపి నాడెను ఆయన చేతికి ఇచ్చింది. బాల్యంలో నేర్చిన పని చేతులు మరువలేదు. ఆయన కండెను నాడెలో అమర్చి, దారపుకొసను కంటిలోనుంచి నేర్పుగా లాగాడు. ఆమె ఆశ్చర్యపడి, “మీకు ఈ పని ఎలా తెలుసు?” అని అడిగింది.

“మా తండ్రి నేతగాడు” అన్నాడు ఆయన.

పక్కన నిలుచున్న భార్య ఆయన ముఖంలోకి చూసింది. ఇంతకాలపు కాపురంలో బయటివారి ఎదుట ఆయన ఆ మాట అనగా ఆమె వినడం అదే మొదటిసారి.

చివరి మూడు రోజులు లేక్ డిస్ట్రిక్ట్ సరస్సుల నడుమ గడిచాయి. యునెస్కో 2017లో ఈ సీమను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గ్రాస్‌మియర్‌లో కవి వర్డ్స్‌వర్త్ 1799నుంచి 1808వరకు నివసించిన డవ్ కాటేజ్‌ని చూశారు. పిల్లల కథల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ కొన్న వ్యవసాయక్షేత్రాలు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. 1943లో మరణించినప్పుడు ఆమె 4,000 ఎకరాలకుపైగా భూమిని నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు వదలివెళ్లింది. పల్లెలను, పురాతన గృహాలను పరిరక్షించడానికి 1895లో ఏర్పడిన ఆ సంస్థయే నేడు బైబరీలోని నేతగాళ్ల ఇండ్లకు కూడా యజమాని.

విండర్‌మియర్ సరస్సు ఒడ్డున రాత్రి తొమ్మిది గంటలు కావస్తున్నా వెలుగు తగ్గలేదు. నీటిమీద కొండల నీడలు కదులుతున్నాయి. ఆమె కొంగు కప్పుకొని కూర్చొని, “ఇంటికి పోంగనే ముందుగల్ల సిరిసిల్లకు పోదాం” అన్నది. ఆయన తల ఊపాడు.

జూన్ మొదటివారంలో వారు సిరిసిల్ల చేరుకొన్నారు. అన్న షెడ్డులో బతుకమ్మ చీరల బట్ట నేస్తున్నాడు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆ చీరల తయారీని అప్పగించిన తరువాత సాంచెలకు కొన్నేళ్లు పని దొరికింది. సాంచె ఆపిన తరువాతగాని అన్నకు తమ్ముని పిలుపు వినిపించలేదు. ఉపాధ్యాయుడు ఫోనులో బైబరీ ఇండ్లను, బర్న్‌లీ మగ్గాలను చూపాడు. అన్న ఒక్కొక్క చిత్రాన్ని దగ్గరగా పెట్టుకొని చూశాడు.

“పాడువడ్డ సాంచెలను గిట్ల తుడిచి పెట్టుకున్నరా తమ్మీ?”

“పెట్టుకున్నరన్నా. పిల్లలను తోలుకచ్చి చూపెడుతున్నరు. మన బాపు నాడె ఏమన్న ఉన్నదా?”

అన్న లోపలికి వెళ్లి అటుకుమీద చాలాసేపు వెదికాడు. దుమ్ముపట్టిన గుడ్డమూటతో తిరిగివచ్చాడు. అందులో నాడె ఉన్నది. దశాబ్దాల చేతిస్పర్శకు దాని కర్ర నున్నబడి నల్లగా మెరుస్తున్నది.

“దీన్నేం చేసుకుంటవు? మగ్గమే లేకపాయె” అన్నాడు అన్న.

“జగిత్యాల బడికి తీసుకపోత. పారిశ్రామిక విప్లవం పాఠం ఉన్నది. ఈసారి సరిగ్గ చెప్పాలె” అన్నాడు ఉపాధ్యాయుడు.

కఠిన పదాలకు అర్థాలు

ప్రక్రియ = సాహిత్య రూపం
సంకోచించు = వెనుకాడు, మొగమాటపడు
వడగాడ్పు = వేసవిలో వీచే వేడిగాలి
చోదకుడు = వాహనం నడిపేవాడు
పైలం = జాగ్రత్త (తెలంగాణ పలుకుబడి)
విస్మితుడు = ఆశ్చర్యపడినవాడు
గుంటమగ్గం = నేలలో తీసిన గుంటలో కాళ్లుంచి నేసే చేమగ్గం
కండె = పేకదారం చుట్టిన చిన్న గొట్టం
నాడె = పడుగుదారాల నడుమ పేకదారాన్ని నడిపించే సాధనం
సాంచె = మరమగ్గం (సిరిసిల్ల ప్రాంతపు మాట)
కంఠస్థం = నోటికి వచ్చినది
మాంద్యం = వ్యాపారం మందగించిన స్థితి
అటుకు = ఇంటి కప్పు కింద సామాను దాచే చోటు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంగ్లండు పల్లెల సౌందర్యం వెనుకనున్న శ్రమచరిత్రను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. తండ్రిని గురించి ఉపాధ్యాయుని అభిప్రాయం ఏ విధంగా మారింది? అందుకు దోహదం చేసిన సంఘటనలను తెలపండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆర్లింగ్టన్ రో విశేషాలు తెలపండి.
2. ఇంగ్లండులో ప్రజలకు కాలిబాటల హక్కు ఏ విధంగా సంక్రమించింది?
3. గాంధీజీ డార్వెన్ సందర్శనకు, మెట్‌పల్లి ఖాదీకి గల సంబంధాన్ని ఉపాధ్యాయుని భార్య ఎలా గ్రహించింది?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “చూసెటందుకు గూడ పోతరా!”
2. “ఏంది? ఇవి సాలెండ్లా!”
3. “మా తండ్రి నేతగాడు.”
4. “ఈసారి సరిగ్గ చెప్పాలె.”

IV. ఏకవాక్యంలో సమాధానాలు రాయండి.
1. క్రామ్‌ఫర్డ్‌లో ఆర్క్‌రైట్ నూలుమిల్లును ఏ సంవత్సరంలో స్థాపించాడు?
2. క్రామ్‌ఫర్డ్ కార్మికుల ఇండ్ల పై అంతస్తుకు వెడల్పైన కిటికీలు ఎందుకు పెట్టారు?
3. లాంకషైరు నేతకార్మికులు మగ్గాల శబ్దంలో ఎలా సంభాషించేవారు?
4. వర్డ్స్‌వర్త్ నివసించిన డవ్ కాటేజ్ ఎక్కడ ఉన్నది?

V. మీ ప్రాంతంలో వాడుకలో లేకుండా పోయిన ఒక వృత్తి పనిముట్టును గురించి పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా రాయండి.